లైటు వెలిగితే జబ్బు తెలిసినట్టేనా?

కారులో చెక్ ఇంజన్ లైటు వెలగ్గానే ఓ కోడ్ రీడరు తగిలించడం, అందులో వచ్చిన నంబరుని గూగుల్లో కొట్టడం, మొదట కనబడ్డ పార్టు ఆర్డరు పెట్టెయ్యడం. అమెరికాలో మనవాళ్ళకి ఇది బాగా ముదిరిన అలవాటు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆ కోడు ఒక ఫిర్యాదు. ఫిర్యాదు చూసి మందు రాసెయ్యకూడదు.

ఇక్కడ 1996 మోడలు నుంచి కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. పి0302 అని వస్తే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. అంతవరకే. కంప్యూటరు ప్లగ్గుని చూడలేదు, వాల్వుని చూడలేదు. రెండో సిలిండరు వంతు వచ్చినప్పుడల్లా క్రాంక్‌షాఫ్టు వేగం కాస్త తడబడింది, అది గమనించి రాసిపెట్టింది. నిప్పురవ్వ పడకపోవచ్చు, పెట్రోలు అందకపోవచ్చు, లోపల గాలి నిలవకపోవచ్చు. మూడింటికీ అదే కోడు.

మా అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక కుర్రాడి సంగతి చెప్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఆఫీసు ముప్పై మైళ్ళు, బస్సు లేదు, ఉన్నది ఒక్క పాత కారు. అదే పి0302. ఒక షాపువాళ్ళు ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. కాయిల్ మార్చారు, ఆ తర్వాత ఇంజెక్టరు మార్చారు. ఏడువందల డాలర్లు దాటాక "ఇంజనే పోయింది, తుక్కుకి అమ్ముకో" అన్నారు. "కంప్యూటరే చెప్తోంది కదన్నా, ఇంకేం చేస్తాం?" అన్నాడు పాపం.

నిజానికి చెయ్యాల్సింది చాలా ఉంది, అందులో మొదటిది ఉచితం. రెండో సిలిండరు కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టాం. కోడు పి0303కి మారితే తప్పు కాయిల్‌ది. మారలేదు. విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి కంప్రెషన్ గేజి తెచ్చాం. ఒకటి, మూడు, నాలుగు సిలిండర్లలో 170కి అటూ ఇటూగా చూపించింది. రెండోదాంట్లో 20 కూడా లేదు! అలాంటి సిలిండరుకి బంగారు ప్లగ్గు పెట్టినా ఏం లాభం?

ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూశాం. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ అడ్డుపడి అంకె పెరగాలి. పెరగలేదు. ఆ తర్వాత తెలిసిన మెకానిక్కు ఒకాయన లీక్‌డౌన్ టెస్టు చేశాడు. రెండు వాల్వులూ మూసుకుని ఉండాల్సిన చోటికి పిస్టన్ని తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపి చెవిపెట్టి వినడమే. ఆయిల్ మూత దగ్గర గాలి వస్తే రింగులు, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్, గాలి లోపలికి పీల్చుకునే వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వు. మాకు సైలెన్సరు గొట్టంలోంచి బుస్సుమని వినిపించింది. అంటే ఎగ్జాస్ట్ వాల్వు. పై మూత తీసి చూస్తే ఆ వాల్వు కాడ మిగతావాటికన్నా కిందికి దిగి ఉంది. కాడ చుట్టూ మసి గట్టిపడి గైడులో పట్టేసింది, స్ప్రింగు దాన్ని పైకి లాగలేకపోతోంది.

హెడ్డు విప్పి, గైడు శుభ్రం చేసి, కొత్త వాల్వు వేశారు. కొత్త ఇంజనుకయ్యే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. కారు ఇప్పటికీ తిరుగుతోంది.

ఇంతకీ ఆ షాపువాళ్ళని దొంగలని నేననను. అసలు చిక్కు బేరం దగ్గరుంది. "పరీక్ష చెయ్యడానికి నూట యాభై" అంటే మనం ముఖం చిట్లిస్తాం. అదే నూట యాభై పెట్టి డబ్బాలో వచ్చిన పార్టు బిగిస్తే సంతోషంగా ఇస్తాం, చేతికి ఏదో వచ్చింది కదా! మన ఊళ్ళల్లో సూది వెయ్యకపోతే డాక్టరే కాదనుకునేవారు, ఇదీ అలాంటిదే. జబ్బు కనిపెట్టే పనికి ఎవరూ డబ్బులివ్వకపోతే, ఎవరూ జబ్బు కనిపెట్టరు.

మనలో సగం మంది సాఫ్ట్‌వేరు వాళ్ళమే. సర్వరు పడిపోతే లాగులో ఒక లైను చూసి మెషీన్లు మార్చెయ్యం కదా? ఏది కాదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ వెళ్తాం. కారు దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి ఏమవుతుందో!

"ప్రతిసారీ ఇంత తతంగమా?" అనొచ్చు. అక్కర్లేదు. మిస్‌ఫైర్లలో చాలావాటికి ప్లగ్గో కాయిలో కారణం, పాత ప్లగ్గులు మార్చడం తప్పేం కాదు. కానీ మొదటి పార్టు మార్చినా తగ్గకపోతే, రెండోది ఊహ మీద కొనకండి. లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి ఆపెయ్యండి. కాలని పెట్రోలు వెళ్ళి కెటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తుంది, అది ఇంకా ఖరీదు. పైగా ఎగ్జాస్ట్ వాల్వు చల్లబడేదే సీటుకి ఆనుకున్నప్పుడు. ఆనకపోతే వాల్వూ మాడుతుంది.

ఈసారి షాపుకి వెళ్తే పరీక్షకి అడిగిన డబ్బు ఇవ్వండి. నాలుగు సిలిండర్ల కంప్రెషనూ బిల్లు మీద రాసిమ్మనండి. ఆ నాలుగంకెలూ చూశాకే పార్టుల మాట.