కరవు నేలపై కార్ల పరిశ్రమ: పెనుకొండ కియా కర్మాగారం

పుట్టపర్తి: వర్షాభావానికి, రైతుల వలసలకు పేరుపడిన ప్రాంతంలో విదేశీ కార్ల పరిశ్రమ నెలకొనడం రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధిలో గమనార్హమైన పరిణామం. దక్షిణ కొరియాకు చెందిన కియా మోటార్స్ సంస్థ 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, సాలీనా 3 లక్షల కార్ల ఉత్పత్తి సామర్థ్యంతో, నాటి అనంతపురం జిల్లా పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కర్మాగారం నిర్మితమైనది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు విడుదల కాగా, డిసెంబరు 5న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2023 జూలైలో 10 లక్షలవ కారు ఇక్కడి నుండి వెలువడినది.

హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి, బెంగళూరు విమానాశ్రయ సామీప్యం ఈ ప్రాంతానికి కలిసివచ్చాయి. అయితే నిర్ణాయకమైన అంశం నీరే. హంద్రీ-నీవా పథకం ద్వారా కృష్ణా జలాలు గొల్లపల్లి జలాశయానికి చేరడంతో ఆ కొరత తీరినది. అదే నీటికై పొలాలూ ఎదురుచూస్తున్నందున, సాగుకు, పరిశ్రమకు మధ్య న్యాయమైన పంపకం నిరంతర బాధ్యత.

పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే కల్పించాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసినది. చట్టం తలుపు తెరవగలదు. లోనికి నడిపించవలసినది నైపుణ్యమే. స్థానిక ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో శిక్షణ పరిశ్రమ అవసరాలకు దీటుగా సాగినపుడే రైతు బిడ్డలకు ఈ పరిశ్రమ ఫలాలు పూర్తిగా అందుతాయి.