అనుభవానికి పీట వేయని పరిశోధన

బడి మానేసిన పిల్లలెందరో చెప్పడానికి యూడైస్ లెక్కలున్నాయి. అవి పిల్లల్ని ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ అనే గడుల్లో సర్ది చూపుతాయి. ఆ లెక్కలు కావాలి. లెక్కలు లేనిచోట వివక్షే లేదని దబాయించడం తేలిక. కానీ ఏ మాట, ఏ చూపు, ఏ వరుసలో కూర్చోబెట్టిన తీరు ఒక పిల్లను బడికి దూరం చేసిందో గడులు చెప్పలేవు. ఆ సంగతి తెలిసింది ఆ పిల్లకు, ఆమె ఇంటివాళ్లకు. వారి మాటను జ్ఞానంగా స్వీకరించే పరిశోధన మన విశ్వవిద్యాలయాల విద్యా విభాగాల్లో తగినంతగా వేళ్లూనుకోలేదు.

ఆ పని చేయగల పద్ధతి లేకపోలేదు. 1990లో కెనడా విద్యావేత్తలు మైకేల్ కానెలీ, జీన్ క్లాండినిన్ విద్యా పరిశోధనలో కథన పద్ధతిని ప్రతిపాదించారు. అనుభవం గురించి జాన్ డ్యూయీ చేసిన ఆలోచన దానికి పునాది. అనుభవాన్ని కాలం, సామాజిక సంబంధం, స్థలం అనే మూడు దిక్కుల నుంచి చదవాలని ఆ పద్ధతి చెబుతుంది. మన దగ్గర ఈ మూడింటిలోనూ కులం ఉంది. కాలమంటే మొదటి తరం చదువా, మూడో తరం చదువా అన్నది. సంబంధమంటే ఎవరు ఎవరిని ఏ పిలుపుతో పిలుస్తారన్నది. స్థలమంటే ఊరు, వాడ.

పద్ధతి పేరు కొత్తదే గాని, పని మనకు పాతదే. 1855లో ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తాబాయి, మాంగ్, మహార్ల దుఃఖాన్ని గురించి రాసిన వ్యాసం జ్ఞానోదయ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. అంబేడ్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో, తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవడాన్నీ, ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితే తప్ప నీళ్లు దొరకకపోవడాన్నీ నమోదు చేశారు. పాఠశాలలో అంటరానితనం ఎలా పనిచేస్తుందో ఏ ప్రశ్నావళీ ఇంత స్పష్టంగా తేల్చలేదు. అయినా ఈ రచనలను మనం ఆత్మకథలుగా చదువుతాం, విద్యా పరిశోధనగా బోధించం.

ఈ విభజన వెనుక ఉన్న శ్రేణిని గోపాల్ గురు 2002లో ఎత్తిచూపారు. సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, సమాచారం మోసే శూద్రులు అనే వర్ణవిభజన సాగుతోందని ఆయన విమర్శ. వాడ నుంచి వచ్చిన పరిశోధకుడు తన బడి అనుభవాన్ని సిద్ధాంత గ్రంథానికి ఆధారం చేసుకుంటే, వైవాలో ఎదురయ్యే ప్రశ్నలు తెలిసినవే: నమూనా పరిమాణం ఎంత? ఇందులో నిష్పాక్షికత ఎక్కడ? అగ్రహారం నుంచి వచ్చినవారి చూపును మాత్రం ఎవరూ అనుభవమని అనరు, దృక్పథమంటారు.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత అత్యవసరం. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. అత్యంత వెనుకబడిన 15 కులాలు మొదటి గ్రూపులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే ఏడాది మూడు గ్రూపుల వర్గీకరణ జరిగింది. ఇంత తక్కువ జనాభా గల కులాలు సర్వే నమూనాలో సులువుగా జారిపోతాయి. ఒక కులం నుంచి డిగ్రీ దాకా వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటే, అక్కడ సగటు తీసి చెప్పేదేముంటుంది? వారు ఎలా వచ్చారో, రాలేనివారు ఎక్కడ ఆగారో వారి నోటనే వినాలి.

అయితే ఒంటరి పరిశోధకుడి వల్ల ఇది కాదు. ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో క్లాండినిన్ నెలకొల్పిన కేంద్రంలో పరిశోధకులు వారం వారం ఒక బల్ల చుట్టూ చేరి తమ పని గురించి మాట్లాడుకునే సంప్రదాయం ఉంది. అలాంటి బల్ల మన ప్రతి విద్యా విభాగంలోనూ ఉండాలి. దాని చుట్టూ పీహెచ్‌డీ స్కాలర్లతో పాటు గురుకులాల, జిల్లా పరిషత్ బడుల ఉపాధ్యాయులు, బీఈడీ విద్యార్థులు కూర్చోవాలి. చర్చ, రాత తెలుగులో జరగాలి. ఒకరి కథనాన్ని మరొకరు ప్రశ్నించాలి; దాన్ని ఆనాటి జీవోలతో, హాజరు పట్టీలతో సరిచూడాలి. పద్ధతికి కాఠిన్యం వచ్చేది అలాగే. వైవాలో ‘ఇది పరిశోధనేనా?’ అన్నప్పుడు పరిశోధకుడి వెనుక నిలిచేదీ ఆ సమూహమే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, కథ చెప్పినవారి భద్రత. హాస్టల్లో ఆ కులం నుంచి ఒక్కరే ఉంటే, పేరు మార్చినా అందరూ గుర్తుపడతారు. రాసినదాన్ని ముందు వారికి చదివి వినిపించాలి; వద్దన్న భాగాన్ని తీసివేయాలి. లేకపోతే నిన్నటి సర్వేకు బదులు నేటి కథ పేరుతో దోపిడీ సాగుతుంది. రెండోది, గాయం చెప్పే భారం దళితుల మీదే మోపరాదు. కుల ప్రస్తావనే రాని ఇంట్లో పెరిగామనుకునే అగ్రకుల పరిశోధకులు, ఆ ప్రస్తావన రాకపోవడం ఏ సౌకర్యం వల్ల సాధ్యమైందో రాయాలి. అదీ విద్యా చరిత్రే.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. కోర్సు వర్కులో కథన పద్ధతికి ఒక పూర్తి పేపరు, పరీక్షకుల జాబితాలో ఆ పద్ధతి తెలిసినవారు, వారంలో ఒక మధ్యాహ్నం చాలు. వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఈ మూడింటినీ ఏర్పాటు చేయాలని విద్యార్థి సంఘాలు తమ విభాగాలను అడగాలి.