అడవిని మరచినను ముప్పే

పుట్టగొడుగుల పెంపకమనగానే వరిగడ్డి నింపిన సంచులు మీకు గుర్తుకు వచ్చును. కాని సంచులలో పెరుగని పుట్టగొడుగులు అడవులలో పెక్కు కలవు. జపాను వారికి మిక్కిలి ప్రియమైన మత్సుతకే అట్టిది. 1941లో ఆ దేశమున ఇవి సుమారు 12,000 టన్నులు దొరకినవి. ఇటీవలి సంవత్సరములలో నూరు టన్నులైనను దొరకుట అరుదు. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ముప్పునకు లోనైన జాతుల పట్టికలో చేర్చినది. మంచి ధర పలుకు వస్తువు ఇట్లేల తరిగిపోయినది?

ముందు దాని జీవనము తెలియవలెను. మన వానకాలపు పుట్టగొడుగు చెదపురుగుతో కలిసి బ్రతుకునట్లు, ఇది ఎర్ర పైన్ చెట్టుతో కలిసి బ్రతుకును. దీని సన్నని పోగులు చెట్టు లేత వేళ్లను అల్లుకొని నీటిని, లవణములను అందించును. చెట్టు దీనికి చక్కెరను ఇచ్చును. చెట్టు చచ్చిన ఇదియు చచ్చును. దీనిని పంటగా పండించుట నేటికిని సాధ్యము కాలేదు.

మొదటి శత్రువు నులిపురుగు. ఉత్తర అమెరికా నుండి వచ్చిన ఈ పురుగును పొడవు మీసముల పెంకుపురుగు ఒక చెట్టు నుండి మరియొక చెట్టునకు చేర్చును. నాగసాకి ప్రాంతమున 1905లోనే పైన్ చెట్లు ఎండుట గమనించిరి. కారణము నులిపురుగని తేలినది 1971లో.

రెండవది అలక్ష్యము. పూర్వము అక్కడి రైతులు వంటచెరకునకు కొమ్మలను, ఎరువునకు రాలిన ఆకులను ఆ తోపుల నుండియే తెచ్చుకొనెడివారు. నేలపై చెత్త పలుచగా, తోపు వెలుతురుగా నుండెడిది. 1950 తరువాత గ్యాసు, రసాయనిక ఎరువులు ఇంటింటికి వచ్చినవి. తోపులకు పోవువారు లేకపోయిరి. చెత్త పేరుకొన్నది, ఇతర చెట్లు క్రమ్ముకొన్నవి, మత్సుతకేకు చోటు లేకపోయినది.

మూడవది అత్యాశ. లేత మొగ్గకు ధర హెచ్చు. గొడుగు విచ్చకముందే అన్నిటిని పెరికినచో విత్తనము వంటి పొడి రాలదు. నేలను లోతుగా పెళ్లగించినచో పోగులు తెగును.

అడవిలోనికి మనుష్యుని రానీయకున్న చాలును, అదియే రక్షణ యని కొందరందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదని నా అభిప్రాయము. మితిమీరిన వాడకము ఎంత చెరుపో, పట్టించుకొనకుండుటయు అంత చెరుపే. అట్లని మన అడవులలో ఆకులన్నియు ఊడ్వుడని చెప్పుట లేదు. మన ఎండలకు ఆకుకప్పు నేలతల్లికి చీర వంటిది. ఏ అడవికి ఏ పని తగునో అక్కడ తిరుగువారికే బాగుగా తెలియును.

కావున గ్రామాధికారులు, వన సంరక్షణ సమితుల వారు అటవీ ఫలసాయమునకు నియమములు చేయునపుడు ఏరుకొని బ్రతుకువారిని ముందు కూర్చుండబెట్టి అడుగవలెను. పుట్టగొడుగులు ఏరువారు కొన్నింటిని విచ్చువరకు విడువవలెను. కదిపిన ఆకును, మట్టిని మరల కప్పవలెను. పురుగు పట్టిన కలపను మరియొక ఊరికి తరలింపరాదు. వీటికి పైసా ఖర్చు లేదు. చేయకున్న నష్టమును మాత్రము మన బిడ్డలు భరింపవలసి యుండును.