మైదానమున గాయము, ఇంట ఋణము

సంక్రాంతి దినములలో మన పల్లెలయందు కబడ్డీ పందెములు జరుగుట యెవరెఱుగనిది? తీర్థప్రజ క్రిక్కిరియును, ఈలలు మిన్నుముట్టును, వేదికమీది పెద్దలకు పూలదండలు పడును. కూతకు పోయిన పడుచువాని మోకాలు మెలితిరిగి కూలినప్పుడు మాత్రము నలుగురు మోసికొనిపోయి గట్టున కూర్చుండబెట్టుదురు. ఆట మరల సాగును. వాని సంగతి అంతటితో సరి!

సరియా? మోకాటిలోని ముందరి లిగమెంటు పూర్తిగా తెగినచో తనంత తానతుకుకొనుట అరుదు. ఎమ్మారై పరీక్షకొక రుసుము. తొడవెనుక నరమును తీసి లోపల నాటు శస్త్రచికిత్సకు వేఱొకటి. దానిని బిగించు మరలకు ప్రత్యేకముగ వెల. పిదప నెలలకొలది వ్యాయామచికిత్స. మరల ఆటకు వచ్చుటకు తొమ్మిది నెలలు పట్టుట సామాన్యము. బరువుపని చేసి బ్రదుకువానికి ఈలోపల కూలియు లేదు. తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోవుచున్నది.

2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా యున్నదిగదా యని కొందఱందురు. 2022 నుండి సాలుకు 20 రూపాయలు గైకొను నీ పథకము మరణమునకును సంపూర్ణ శాశ్వతవైకల్యమునకును 2 లక్షలు, ఒక కాలో చేయో కన్నో శాశ్వతముగ పోయిన లక్ష యిచ్చును. ఆసుపత్రి వ్యయము నియ్యదు. అనగా కాలు పోయిన ధనమున్నది, కాలు నిలుపుకొనుటకు లేదు! కేంద్రప్రభుత్వమువారి క్రీడాకారుల సంక్షేమనిధి 1982లో నేర్పడినమాట నిజమే. అది పేరొందిన క్రీడాకారుల కొఱకు. పల్లెపందెమున పడినవాడు ఏ పతకమును చూపి యర్జీ పెట్టుకొనవలయును?

2007 నాటి ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ పేదలకు గొప్ప యాసరాలు. అయితే తన చికిత్స వానిలో కలదో లేదో, ఏ యాసుపత్రిలో కలదో ముందుగ విచారింపవలయును. తొందరలో ఎదుట కనబడిన యాసుపత్రిలో సొమ్ము కట్టి, పిమ్మట కార్డు చూపినందున ఫలము స్వల్పము. అక్కడి ఆరోగ్యమిత్రను మొదటనే కలియవలయును. సొంతసొమ్మే యైనచో, శస్త్రచికిత్సకు పూర్వమే పద్దులవారీ యంచనా వ్రాయించి పుచ్చుకొనుట సిగ్గుపడదగినది కాదు. ఎడ్లను కొనునప్పుడు బేరమాడమా?

మా యభిప్రాయము స్పష్టము. పందెము పెట్టువారే గాయమునకును పూచీ వహింపవలయును. బహుమతులు ప్రకటించుటకు ముందే, ఆటగాండ్రకందఱకు ఆసుపత్రి ఖర్చు చేరిన ప్రమాదబీమా తీయించవలయును. చందా చాలదందురా? 1962లో బార్బడోసున నారీ కంట్రాక్టరు తలకు బంతి తగిలినప్పుడు, ప్రత్యర్థులైన వెస్టిండీసువారి నాయకుడు ఫ్రాంక్ వొరెల్ తన రక్తమునే యిచ్చెను. మనవారు పూలదండలు, మైకుసెట్లు, బాణసంచాల ఖర్చులో కొంత తగ్గింపలేరా?

రానున్న సంక్రాంతికి రసీదుపుస్తకములు పట్టుకొని వాకిట నిలుచువారిని మా చదువరు లీ యొక్క ప్రశ్న యడుగుదురు గాక: దెబ్బతగిలినవాని కెంత తీసియుంచితిరి?