అడగాల్సింది బడి

దసరాకు పది రోజుల ముందు మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "మామయ్యా, సెలవులకు నేపాల్ వెళ్తున్నా. రెండు వారాలు. కొండల్లో ఒక ఊరి బడిలో పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను" అంది. గొంతు నిండా సంబరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో నాలుగు డబ్బులు, నలుగురికీ పనికిరావాలన్న తపన. నేపాల్‌కు మనకు వీసా కూడా అక్కర్లేదు. ఇలాంటి సేవా ప్రయాణాలు ఏర్పాటు చేసే ఏజెన్సీకి డబ్బు కూడా కట్టేసింది.

"ఆ రోజుల్లో బళ్లు తెరిచి ఉంటాయా?" అని అడిగాను.

మన దసరా వాళ్లకు దశైన్. నేపాల్‌లో ఏడాది మొత్తం మీద అదే పెద్ద పండుగ. బతుకుతెరువుకు ఊళ్లు విడిచిపోయినవాళ్లంతా ఇళ్లకు చేరతారు. బళ్లు మూసేస్తారు. ఆ సంగతి ఏజెన్సీ ఆమెకు చెప్పలేదు. పిల్ల తప్పేమీ లేదు. ఆ తేదీలు మన సెలవులను చూసి పెట్టినవి. ఆ ఊరి హెడ్మాస్టర్‌ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. విదేశాల్లోని ఊరి బడులకు సాయం పేరుతో జరుగుతున్నదానిలో నన్ను బాధపెట్టేది ఇదే.

ఆ రాత్రి ఆమెకు నాంగి ఊరి కథ చెప్పాను. పశ్చిమ నేపాల్‌లో మ్యాగ్ది జిల్లా. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన, మగర్ తెగవాళ్లు ఉండే ఊరు నాంగి. ఈ కథ నడిపిన మహావీర్ పున్ 1955లో అక్కడే పుట్టారు. ఆయన చదివిన బడిలో పుస్తకాలు లేవు, కాగితం లేదు, పెన్సిల్ లేదు. చెక్కకు బొగ్గు పూసి, దాని మీద మెత్తని తెల్లరాయితో రాసేవారు. పలకా బలపం పట్టిన మన తరానికి ఆ దృశ్యం కొత్త కాదు. సైన్యంలో గూర్ఖాగా పనిచేసి వచ్చిన తండ్రి, కొడుకును హైస్కూలు చదివించడం కోసం కుటుంబాన్ని తీసుకుని కొండ దిగి మైదానాలకు వచ్చేశారు. పున్ పన్నెండేళ్లు పంతులుగా చేశారు. తర్వాత స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి, నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కియర్నీ ప్రాంగణంలో చదివారు. 1990ల మొదట్లో నాంగికి తిరిగి వచ్చి, ఊరివాళ్లతో కలిసి హిమాంచల్ హైస్కూలు నిలబెట్టారు.

అప్పటికి ఆ ఊరికి మోటారు రోడ్డు లేదు, టెలిఫోన్ లేదు. 1997లో ఆస్ట్రేలియా నుంచి వాడేసిన కంప్యూటర్లు విరాళంగా వచ్చాయి. వాగు నీళ్లతో తిరిగే చిన్న జనరేటర్ పెట్టి కరెంటు తీసుకున్నారు. పాత విడిభాగాలు ఏరి, చెక్కపెట్టెల్లో బిగించి మరికొన్ని కంప్యూటర్లు తయారుచేశారు. ఈమెయిల్ చూసుకోవాలంటే మాత్రం పోఖరా పట్నం దాకా పోవాలి. 2001లో పున్ బీబీసీకి ఉత్తరం రాశారు: మా ఊరికి చవకగా ఇంటర్నెట్ తెచ్చుకునే దారి ఎవరికైనా తెలుసా అని. అది చూసి యూరప్ నుంచి, అమెరికా నుంచి కుర్రాళ్లు వచ్చారు. 2002లో టీవీ డిష్‌లను యాంటెన్నాలుగా మార్చి, చెట్ల కొమ్మలకు కట్టి, పక్క ఊరికి వైఫై పంపారు. ఒకవైపు మావోయిస్టుల యుద్ధం, ఇంకోవైపు వైర్‌లెస్ పరికరాల మీద ప్రభుత్వ నిషేధం. సామాను రహస్యంగా దేశంలోకి తెచ్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాదికి కొండకొమ్ముల మీద రిలే స్తంభాలు నాటి పోఖరాతో కలిపారు. తర్వాత ఒక ఊళ్లో పంతులు చెప్పే పాఠం మరో ఊరి పిల్లలు తెర మీద చూసి నేర్చుకున్నారు. జబ్బుపడినవాళ్లు నాంగి నుంచే పట్నం డాక్టర్‌తో మాట్లాడారు.

ఈ కథను చాలామంది వైఫై కథగా చెబుతారు. నేను ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోతాను. అది బడి తరఫున రాసిన ఉత్తరం. తమకు ఏం కావాలో, ఏం లేదో బడికి తెలుసు. వచ్చినవాళ్లు ఆ పని తెలిసినవాళ్లు, ఆ పని కోసమే వచ్చినవాళ్లు. వాళ్లు వెళ్లిపోయాక స్తంభం ఎక్కి బాగుచేసుకున్నది ఊరి యువకులే.

ఇంకో సంగతి కూడా ఉంది. బడి ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చేది చాలదు గనుక ఊరు సొంత ఆదాయాలు పెంచుకుంది. చేతికాగితం చేశారు, జామ్ కాచారు, యాక్‌లను మేపారు, ట్రెక్కింగ్‌కు వచ్చేవాళ్లకు బస కట్టారు. నాంగికి దగ్గర్లోని మోహరే డాండా శిఖరం మీద సూర్యోదయం చూడటానికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఊళ్ల ఉమ్మడి బసలోనే రాత్రి గడుపుతారు. విదేశీ వాలంటీర్ ఒకనాటికి వెళ్లిపోతాడు. పంతులు జీతం ప్రతి నెలా ఇవ్వాలి. ఈ తేడా ఆ ఊరికి మొదటినుంచీ తెలుసు. 2007లో పున్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అదే ఏడాది మన పాత్రికేయుడు పి. సాయినాథ్‌కూ వచ్చింది గనుక ఆ పురస్కారం పేరు తెలుగు పత్రికలు చదివేవాళ్ల కళ్లబడే ఉంటుంది.

ఇప్పుడు మా అమ్మాయి వెళ్లాలనుకున్న తరహా బడిని ఊహించుకోండి. రెండు వారాలకో కొత్త అక్క, కొత్త అన్న. వచ్చిన ప్రతివాళ్లూ మళ్లీ పేర్లు అడగడంతో, ఏబీసీడీలతో, అదే పాటతో మొదలుపెడతారు. అసలు పంతులు పాఠం ఆపి పక్కకు జరుగుతాడు. పిల్లలు పూలదండ వేసి వీడ్కోలు చెబుతారు. మళ్లీ రెండు వారాలకు ఇంకో దండ. గోడలు కట్టడానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇటుక పట్టడం రాని చేతులు డబ్బు కట్టి మరీ కట్టే గోడ పక్కన, కూలి దొరక్క ఊరి మేస్త్రీ నిలబడి చూస్తాడు. అనాథాశ్రమాల సంగతి ఇంకా ఘోరం. విదేశీయుల జాలి డబ్బుగా మారుతుందని తెలిసిన దళారులు, తల్లిదండ్రులు బతికున్న పిల్లలనే కొండ ఊళ్ల నుంచి తెచ్చి అనాథలుగా చూపించారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఇలాంటి తరలింపును కూడా ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది.

వెళ్లొద్దని నేను అనను. 1962 నుంచి నేపాల్ బడుల్లో పనిచేసిన అమెరికా పీస్ కోర్ వాలంటీర్ల పద్ధతి చూడండి. రెండేళ్లు ఉండేవారు. ముందు నెలల తరబడి భాష నేర్చుకునేవారు. ఊళ్లో ఒక ఇంట్లో ఉంటూ, వాళ్లు తినే దాల్‌భాతే తింటూ, అక్కడి పంతులుతో జంటగా పాఠం చెప్పేవారు. 1970ల్లో నేపాల్‌లోని త్రిభువన్ విశ్వవిద్యాలయం తన పీజీ విద్యార్థులనే పల్లెలకు పంపి బడుల్లో పనిచేయించింది. మనవాళ్లకూ ఈ విద్య తెలియనిది కాదు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ 2007లో మొదలుపెట్టిన మనబడి తెలుగు తరగతుల్లో అమెరికా తెలుగు తల్లిదండ్రులు వారం వారం జీతం లేని పంతుళ్లవుతున్నారు. ఏడాది పొడవునా అవే మొహాలు, ఒక పాఠ్యప్రణాళిక, చివర పరీక్ష. తమ పిల్లల విషయంలో ఇంత పద్ధతి పాటించే మనం పరాయి ఊరి పిల్లలకు రెండు వారాలు చాలని ఎలా అనుకుంటాం?

నా మనసులో ఒక ముల్లు ఉంది. మా జిల్లాలో ఒక హైస్కూలుకు విదేశాల్లో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులు కంప్యూటర్లు పంపారు. వాటిని ప్రారంభించిన సభలో మాట్లాడినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండేళ్లకు యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. ఎవరు మార్పించాలి, డబ్బు ఎవరివ్వాలి అన్నది ఎక్కడా రాసుకోలేదు. గదికి తాళం పడింది. ఆ రోజు మైకు ముందు ఆ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉండాల్సింది.

అందుకే ఇక్కడి సంస్థ గానీ, కాలేజీ గానీ, కంపెనీ గానీ ఒక విదేశీ బడితో చేయి కలిపేటప్పుడు మొదటి కాగితం అక్కడినుంచే రావాలంటాను. నేపాల్‌లో ప్రతి సాముదాయిక విద్యాలయానికీ, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే బడికీ, తల్లిదండ్రులు ఉన్న యాజమాన్య సంఘం ఉంటుంది. 2015 రాజ్యాంగం మాధ్యమిక స్థాయి దాకా బడులను స్థానిక ప్రభుత్వాల చేతిలో పెట్టింది. ఆ ఇద్దరూ కూర్చుని తమకు ఏ పని ఎన్నాళ్లు కావాలో రాయాలి. మనిషి వద్దు, ఒక లెక్కల పంతులుకు ఏడాది జీతం చాలు అని రాస్తే, మనం ఇంట్లోనే ఉండి జీతం పంపాలి. వచ్చినవాళ్లు నచ్చకపోతే వెనక్కి పంపే హక్కు కూడా బడికి ఉండాలి. ఏడాదికి నలుగురు వెళ్లేకన్నా, ఒకరే నాలుగేళ్లు ఆ బడితో నడవడం మేలు. మధ్యలో వీడియోలో పంతుళ్లతో మాట్లాడుతూ, ఏడాదికోసారి వెళ్లి, పాడైన ల్యాబ్ బాగుచేసి, బాగుచేయడం ఇద్దరికి నేర్పి రావచ్చు. మన ఇంజనీర్లకు చేతనైన పని ఇది.

మా అమ్మాయి ప్రయాణం మానుకుంది. కట్టిన డబ్బులో సగమే వెనక్కి వచ్చింది. ఆఫీసులో ఒక నేపాలీ స్నేహితుడి దగ్గర కూర్చుని ఆ హెడ్మాస్టర్‌కు నేపాలీలో ఉత్తరం రాయించింది: "మీకు ఏం కావాలి? ఎప్పుడు వస్తే మీకు ఇబ్బంది ఉండదు? అసలు రావాలా?" జవాబు ఇంకా రాలేదు. పండుగ అయ్యాక రాస్తారులే అన్నాను.

"అప్పటిదాకా టికెట్ కొనను మామయ్యా" అంది.