శ్రీ ఫాలీ నారిమన్

2024వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీని శ్రీ ఫాలీ సామ్ నారిమన్ గారు ఢిల్లీ నగరమున తొంబదియైదేండ్లు నిండిన వయస్సున దివంగతులైరి. 1950లో బొంబాయిలో ధరించిన నల్లకోటును ఆయన డెబ్బదియేండ్లకు పైగా విడువలేదు. ఆయన పారసీకుడు. తెలుగువారితో ఆయనకు గలిగిన సంబంధము మనకంత ప్రీతికరమైనది కాదు. కృష్ణా జలముల తగవులో కర్ణాటక పక్షమున నిలిచి, మన కాలువలకు రావలసిన నీటిని గూర్చి మన కెదురుగా వాదించిన పెద్ద న్యాయవాది ఆయనయే. బ్రిజేష్ కుమార్ గారి అధ్యక్షతన 2004లో నేర్పడిన ట్రిబ్యునలు 2010 డిసెంబరు 30వ తేదీని తన నిర్ణయమును వెల్లడించి, ఆలమట్టి జలాశయమును 524.256 మీటర్ల మట్టము వఱకు నింపుకొనుటకు కర్ణాటకమునకు సమ్మతి నిచ్చినప్పుడు, కృష్ణా డెల్టా రైతు మొదలు నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింది నల్లగొండ రైతు వఱకు ఎంత కలత చెందిరో పాఠకులు మఱచియుండరు.

అట్టి వకీలును తెలుగు పత్రిక యేల స్మరింపవలెనని కొందఱడుగవచ్చును. ఎదిరి పక్షపు వకీలును పగవానిగా జూచుట మనలో పాతరోగము. కోర్టు వరండాలో ఎదిరి ప్లీడరు కనబడినచో మన కక్షిదారులు మొగము త్రిప్పుకొందురు. ఆ ప్లీడరే మఱుసటి యేడు తమ వ్యాజ్యము పట్టినచో దేవుడందురు. కక్షిదారు మాటను చట్టపు మాటగా మార్చి చెప్పుట వకీలు పని. తగవు తీర్చుట న్యాయమూర్తి పని. ఇందులో తప్పు లేదు. అయినను వకీలు కూలికి మాటలాడు నోరు మాత్రమేనా, వకాల్తా పుచ్చుకొనుటకును విడుచుటకును మనస్సాక్షితో నతనికి నిమిత్తము లేదా యను ప్రశ్న యొకటి కలదు. ఈ ప్రశ్నకు నారిమన్ గారి జీవితము నాలుగు సందర్భములలో సమాధానము చెప్పినది. మూడుమార్లు చెప్పిన సమాధానము గర్వింపదగినది. నాలుగవది కాదు.

ఆయన 1929 జనవరి 10వ తేదీని రంగూనులో జన్మించిరి. ఆ రంగూను మనవారికి పరాయి యూరు కాదు. విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి ఓడలెక్కి పోయి, అచ్చటి రేవులో, బియ్యపు మిల్లులలో మూటలు మోసిన తెలుగువారు వేలకు వేలుండిరి. మన కోరంగి రేవు పేరనే బర్మావారు వారిని కోరంగీలనిరి. 1942లో జపాను సేనలు వచ్చిపడగా నారిమన్ కుటుంబము సర్వమును విడిచి, అడవిదారులబట్టి భారతదేశమునకు తరలివచ్చినది. మన కూలీలును అట్టి దారులనే పట్టిరి. వారిలో ఎందఱో గమ్యము చేరక నడుమనే రాలిపోయిరి. పదుమూడేండ్ల నారిమన్ తలిదండ్రులతో క్షేమముగా చేరుకొనిరి. ఇల్లును ఆస్తియు పోయినను కుటుంబము మిగిలినచో బ్రతుకు మిగిలినట్లేయని ఆయన బాల్యముననే యెఱిగియుందురు.

సిమ్లాలోని బిషప్ కాటన్ పాఠశాలలోను, పిమ్మట బొంబాయిలోను విద్యాభ్యాసము జరిగెను. కుమారుని సివిలు సర్వీసు పరీక్షకు పంపవలెనని తండ్రి కోరిక. అందుకు ధనము చాలలేదు. చివరకు మిగిలినది లా చదువు. సర్ జంషెడ్జీ కాంగా గారి చాంబరులో ఆయన పని నేర్చిరి. 1955లో బాప్సీ గారిని వివాహమాడిరి. 1972లో భారత ప్రభుత్వపు అడిషనల్ సొలిసిటర్ జనరలుగా నియుక్తులై ఢిల్లీకి కాపురము మార్చిరి.

1975 జూన్ 25వ తేదీ రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. నాయకులు చెఱసాలల పాలైరి. పత్రికల నోళ్లు మూయబడినవి. ఒకటి రెండు దినములలోనే నారిమన్ గారు తమ పదవికి రాజీనామా నిచ్చిరి. సభలు లేవు, ప్రకటనలు లేవు. భార్య, ఎదుగుచున్న యిద్దఱు బిడ్డలు, మూడేండ్ల క్రిందట పెట్టిన క్రొత్త కాపురము. కుటుంబ భారమును సాకుగా జూపి కూర్చుండుట కంటె తేలికయైన పని యేమున్నది? ఆ దినములలో ఎందఱు చూపలేదు! మఱుసటి యేడు ఏప్రిలు 28వ తేదీని సుప్రీము కోర్టులో అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు, అత్యవసర పరిస్థితి యున్నంత కాలము నిర్బంధితుడు తన నిర్బంధమును కోర్టులో ప్రశ్నింపజాలడని తీర్పు చెప్పిరి. ఖన్నా గారొక్కరే కాదనిరి. న్యాయపీఠమే తడబడిన కాలమున ఒక ప్రభుత్వ న్యాయవాది ముందుగానే తొలగిపోవుట చిన్న సంగతి యని మేము తలపము.

రెండవది 1998లో. నర్మదా వ్యాజ్యమున ఆయన గుజరాతు ప్రభుత్వపు వకీలు. ఆ రాష్ట్రమున క్రైస్తవులపై దాడులు జరిగి, వారి పవిత్ర గ్రంథములు తగులబెట్టబడగా, ఆ ప్రభుత్వపు వకాల్తాను తిరిగి యిచ్చివేసిరి. మూడవది 2016 సెప్టెంబరులో. కావేరి నుండి దినమునకు 6,000 క్యూసెక్కుల నీరు తమిళనాడునకు విడువుమని సుప్రీము కోర్టు ఆజ్ఞాపింప, కర్ణాటక ప్రభుత్వము విడువలేదు. నారిమన్ గారు ధర్మాసనము నెదుట నిలిచి, ఆజ్ఞ నెఱవేర్పని కక్షిదారు పక్షమున తాను వాదింపనని చెప్పివేసిరి. మన కెదురుగా వాదించిన వకీలు ఇట్టివాడని తెలిసికొనుట మనకు మేలు. వాదమున ఓడితిమన్న యక్కసు కొంత తగ్గును.

ఇక భోపాలు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడు కర్మాగారము నుండి వెలువడిన విషవాయువునకు వేలకొలది ప్రజలు బలియైరి. బ్రతికినవారిలో ఎందఱో కన్నులు చెడి, ఊపిరి చెడి, జీవచ్ఛవములైరి. ఆ కంపెనీ పక్షమున నారిమన్ గారు వకాల్తా పుచ్చుకొనిరి. మన ప్రభుత్వము కోరినది 330 కోట్ల డాలర్లు. 1989 ఫిబ్రవరి 14వ తేదీని సుప్రీము కోర్టు సమక్షమున కుదిరిన రాజీ 47 కోట్ల డాలర్లు. క్రిమినలు కేసులును ఆ రాజీలోనే కొట్టివేయబడినవి. 1991లో గాని అవి మరల తెఱవబడలేదు. రాజీ సొమ్మును పెంపవలెనని ప్రభుత్వము చేసికొన్న చివరి మనవిని 2023 మార్చి 14వ తేదీని సుప్రీము కోర్టు త్రోసివేసినది.

న్యాయవాదుల మండలి నిబంధనల ప్రకారము వకీలు వచ్చిన కేసును సామాన్యముగా కాదనరాదు. ఈ నిబంధనను జూపి ఆయనను సమర్థించువారు కలరు. మేము దీని నంగీకరింపము. ఏ వకీలును దరిచేరనిచ్చని నిర్భాగ్యునకు దిక్కు కలుగుటకే యీ నియమము సార్థకమగును. ప్రపంచమున ఏ న్యాయవాదినైనను కొనగల కంపెనీకి దాని యక్కఱ యేమి? పైగా గుజరాతు ప్రభుత్వపు వకాల్తాను తిరిగి యిచ్చిన చేతికి కార్బైడు వకాల్తాను త్రోసివేయు శక్తి లేకపోలేదు. ఈ సంగతి అందఱి కంటె నారిమన్ గారికే బాగుగా తెలియును. వార్ధక్యమున ఆయన బహిరంగముగనే యొప్పుకొనిరి: అది కీర్తిని దెచ్చు కేసని ఆనాడు తలచితిననియు, అది కేసు కాదు, మహా విపత్తని తరువాత తెలిసినదనియు, జరుగబోవున దంతయు ముందుగా నెఱిగియున్నచో దానిని స్వీకరించియుండననియు చెప్పిరి. ఈ పశ్చాత్తాపము వలన భోపాలు వితంతువునకు దమ్మిడీ యధికముగా రాలేదు. అయినను ఎనుబది దాటిన వయస్సున, కీర్తి శిఖరమున నున్నవాడు, తాను గెలిచిన కేసును గూర్చి ఇట్లు పలుకుట మన వకీళ్లలో ఎక్కడ జూచితిమి?

ఈ ముచ్చట మనకు దూరపుది కాదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున ఆర్.ఆర్. వేంకటాపురము చెంత కర్మాగారము నుండి స్టైరీను వాయువు వెలువడి 12 ప్రాణములు పోయినవి. ఇట్టి కర్మాగారములు మన తీరమున పెరుగుచునే యున్నవి. మన లా కళాశాలలలో భోపాలు రాజీని బోధించువారు, దానికి విమర్శకులు పెట్టిన ఆక్షేపణలను, నారిమన్ గారి యొప్పుకోలును ప్రక్క ప్రక్కన పెట్టి బోధింపవలెను. రేపటి వకీలు ఫీజు పుచ్చుకొనక ముందే వానిని చదివియుండుట మంచిది.

తన గెలుపునే తప్పుపట్టుట ఆయనకు క్రొత్త కాదు. న్యాయమూర్తుల నియామకములలో న్యాయమూర్తులదే పైమాట యని 1993లో నిర్ణయమైన వ్యాజ్యమున గెలిచినది ఆయన పక్షమే. దానిలో ఓడిపోయినను బాగుండెడిదని తమ స్వీయచరిత్రలో వ్రాసికొనిరి.

ఆయన గృహజీవితమును గూర్చి కొంచెము చెప్పవలెను. బాప్సీ గారు పారసీకుల వంటకములపై గ్రంథము వ్రాసిన గృహిణి. కుమారుడు రోహింటన్ గారు బాల్యముననే తమ మతమున పురోహిత దీక్ష పొంది, తండ్రి వృత్తినే స్వీకరించి, సొలిసిటర్ జనరలై, 2014లో సుప్రీము కోర్టు న్యాయమూర్తియైరి. దగ్గఱి బంధువు న్యాయపీఠమున నున్నచోట వకీలు వాదింపరాదని నియమము. ఏడేండ్ల పాటు ఒకే భవనమున ఒక గదిలో కుమారుడు తీర్పులు చెప్పుచుండ, మఱియొక గదిలో తండ్రి నిలుచుండి న్యాయమూర్తులను ‘మై లార్డ్’ అని సంబోధించుచుండెను. కుమారుని న్యాయపీఠము పైనెక్కించిన తండ్రులు కొందఱు ఆ వయస్సునకు ఇంట కూర్చుండి, వచ్చువారి నమస్కారములను స్వీకరించుచుందురు. ఈయన కట్టలు విప్పి మఱుసటి దినపు వాదమునకు సిద్ధపడుచుండిరి.

2020లో బాప్సీ గారు గతించిరి. అరువదియైదేండ్ల దాంపత్యము ముగిసెను. అటు పిమ్మటను ఆయన కలము ఆగలేదు. 2023లో రాజ్యాంగమును సామాన్యునకు విడమఱచి చెప్పు పెద్ద గ్రంథమును ప్రకటించిరి. ఆ డిసెంబరులో 370వ అధికరణమును గూర్చి సుప్రీము కోర్టు వెలువరించిన తీర్పు రాజ్యాంగ దృష్టితో సరికాదని బాహాటముగా పలికిరి. అప్పటి కాయన కింక మిగిలియున్నది రెండు నెలల యాయువు.