గట్టి పరుపే మంచిదనడం సరికాదు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో పరుపుల గురించి వచ్చిన వ్యాసం, నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎంత గట్టి పరుపు కొంటే అంత మంచిదని తేల్చేసింది. ఇది తప్పు. దీర్ఘకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 313 మందిపై స్పెయిన్‌లో జరిపిన అధ్యయనాన్ని 2003లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. బాగా గట్టి పరుపు వాడినవారికన్నా మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు వాడినవారికే మూడు నెలల్లో ఎక్కువ ఉపశమనం కలిగిందని అందులో తేలింది.

మందాన్ని బట్టి నాణ్యత అంచనా వేయమనడమూ పొరపాటే. ఎనిమిది అంగుళాల పరుపైనా లోపల నాసిరకం ఫోమ్ ఉంటే, నడుము ఆనేచోట త్వరగా గుంట పడుతుంది. అడగాల్సింది సాంద్రత. అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోల బరువుంటుందన్నది. ఏ పొర ఎన్ని అంగుళాలో, దాని సాంద్రత ఎంతో బిల్లు మీద రాయించుకోవాలి.

దూది పరుపు ఊసే వ్యాసంలో లేదు. ఉండకట్టిన దూదిని ఎండబెట్టి, ఏకించి, కొత్త గుడ్డలో కుట్టిస్తే పరుపు మళ్లీ పనికొస్తుంది. కుంగిన ఫోమ్‌కు ఆ వీలు లేదు. తక్కువ ఆదాయంవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

పాఠకులకు ఒక్క మాట: ఎంత లోతు గుంట పడితే పరుపు మారుస్తారో వారంటీ కాగితంలో చదివాకే డబ్బు కట్టండి.

– ఓ గృహిణి, తెనాలి